దారిన పోయేవాడి నిక్షేపం

జిల్లా పేజీల్లో దాదాపు రోజూ కనిపించే వార్త ఒకటుంది. రోడ్డు దాటుతున్న మనిషినో, పొలం నుంచి సైకిలు మీద ఇంటికి పోతున్న మనిషినో గుర్తు తెలియని వాహనం ఢీకొట్టింది. మనిషి అక్కడికక్కడే చనిపోయాడు. పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. మూడు వాక్యాల్లో వార్త అయిపోతుంది. చాలాసార్లు దర్యాప్తు కూడా అక్కడితోనే ఆగిపోతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. వారిలో 30,486 మంది గుద్ది వెళ్లిపోయిన వాహనాలకు బలైనవారు. నూటికి 18 మంది. చంపిందెవరో తెలియని చావుకు ఎవరు జవాబు చెప్పాలి? పైకి ఇది పోలీసులకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి మతగ్రంథాలూ ధర్మశాస్త్రాలూ వేల ఏళ్లుగా తలపట్టుకున్న ప్రశ్న ఇది. మన కాలంలో దీనికి కొత్తగా మరో చిక్కు తోడైంది. ఆ చావు పేరు చెప్పి రాజ్యం ఏటా కోట్లాది మంది చేత డబ్బు కట్టిస్తోంది. ఆ డబ్బు ఎవరిది అన్నదే ఆ చిక్కు.

బండి ఉన్న ప్రతివారికీ తెలిసిన కాగితం ఒకటి చేతిలోకి తీసుకుని చూద్దాం. 75 సీసీ దాటి 150 సీసీ లోపున్న మామూలు మోటార్ సైకిల్‌కు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ రేటు కంపెనీ ఇష్టాన్ని బట్టి వేసింది కాదు, ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించింది. దాని కింద రెండు చిన్న వరుసలుంటాయి: సీజీఎస్టీ 64 రూపాయల 26 పైసలు, ఎస్జీఎస్టీ 64 రూపాయల 26 పైసలు. మొత్తం 842 రూపాయల 52 పైసలు. ఈ పాలసీ బండికి గీత పడితే ఇవ్వదు, బండి పోతే ఇవ్వదు. బండి తోలేవాడు తనకు తానుగా పడి కాలు విరగ్గొట్టుకున్నా ఇందులోంచి ఏమీ రాదు. ఇది పూర్తిగా ఎదుటివాడి కోసం, అంటే మన బండి తగిలి దెబ్బతినే మూడో మనిషి కోసం కట్టే సొమ్ము. ఆ మనిషి ఎవరో కట్టేనాటికి తెలియదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని ఈ నిర్బంధం 1946 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1988 చట్టం 146వ సెక్షన్‌గా అదే నేటికీ కొనసాగుతోంది. కట్టకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడవచ్చు.

తన కోసం కాని దాన్ని కొనమని రాజ్యం మనిషిని బలవంతపెట్టడం చిన్న విషయం కాదు. దానికి సమర్థన ఒక్కటే ఉంది. బరువూ వేగమూ ఉన్న యంత్రాన్ని నలుగురూ నడిచే దారిలోకి తెచ్చేవాడు ఆ నలుగురికీ ముందుగానే బాకీ పడుతున్నాడు. ఆ బాకీ తీర్చే శక్తి ప్రమాదం జరిగిన రోజున అతనికి ఉండకపోవచ్చు. అందుకే అందరి చేతా ముందే కొంత కట్టించి పక్కన పెట్టాలి. ఈ సమర్థనను ఒప్పుకుంటే దాని వెనకే మరో మాట ఒప్పుకోక తప్పదు. ఇలా వచ్చిన సొమ్ము దారిన పోయే అపరిచితుడిది. రాజ్యమూ, రాజ్యం నియమించిన బీమా సంస్థలూ దానికి కాపలాదారులు మాత్రమే. దాన్ని మన పాత మాటలో నిక్షేపం అనాలి. మనుస్మృతి వివాదాలను పద్దెనిమిది రకాలుగా విడదీస్తూ అప్పు తర్వాత రెండో స్థానంలో నిక్షేపాన్ని పెట్టింది. ఒకరు నమ్మి దాచమన్న సొమ్మును తిరిగి ఇవ్వనివాడికి దొంగకు వేసే శిక్షే వేయాలన్నది ఆ భాగంలోని మూలసూత్రం. ఈ వ్యాసంలో నా వాదన అంతా ఆ సూత్రం మీదే నిలబడి ఉంది: నిర్బంధ మోటారు బీమా పేరిట వసూలయ్యే ప్రతి రూపాయీ నిక్షేపమే. రోడ్డు మీద తగిలిన గాయాన్ని మాన్పే పనికీ, అది మళ్లీ జరగకుండా ఆపే పనికీ దాన్ని ఖర్చు పెట్టవచ్చు. మిగిలిన దేనికైనా వాడితే అది పన్ను అనిపించుకోదు, నమ్మకద్రోహం అవుతుంది.

పాత గ్రంథాల దగ్గరికి వెళ్లడం అలంకారం కోసం కాదు. బండి ప్రమాదాల గురించి అవి నిజంగానే ఆలోచించాయి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బండి వల్ల కలిగే హాని మీద ప్రత్యేక చర్చ ఉంది. ముకుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు గానీ చక్రం గానీ విరిగినా, తోలేవాడు తప్పుకోమని అరిచినా శిక్ష ఉండదంటుంది. తోలేవాడి చేతగానితనం వల్ల హాని జరిగితే మాత్రం అలాంటివాణ్ణి పెట్టుకున్న యజమానికి 200 పణాల దండుగ వేయమంటుంది. తోలేవాడు పని తెలిసినవాడైతే దండుగ అతని మీదే పడుతుంది. వర్ణాన్ని బట్టి శిక్షలు మార్చిన ఆ గ్రంథాన్ని నేటి న్యాయానికి ప్రమాణంగా ఎవరూ తీసుకోలేరు, తీసుకోకూడదు కూడా. అయినా అక్కడే కనిపించే ఒక వివేకం మనకు పనికొస్తుంది. అంగానికి గాయం చేసినవాడు గాయపడ్డవాడు కోలుకోవడానికి అయ్యే ఖర్చు ఇచ్చుకోవాలని ఆ గ్రంథం విడిగా చెప్పింది. రాజుకు చెల్లే దండుగ ఒకటి, గాయపడ్డవాడికి చెల్లే వైద్య ఖర్చు మరొకటి. రెండింటికీ రెండు పద్దులు. మొదటి పద్దులో డబ్బు పడినంత మాత్రాన రెండో పద్దు తీరిపోదు.

ఇంతకన్నా లోతైన ఆలోచన దొంగసొత్తు విషయంలో కనిపిస్తుంది. దొంగ దొరక్కపోతే పోయిన సొత్తు విలువను రాజు తన బొక్కసం నుంచి సొంతదారుకు ఇవ్వాలని అర్థశాస్త్రం చెప్పింది, స్మృతులూ చెప్పాయి. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే ఈ వ్యవహార న్యాయం మనకు ఏడెనిమిది వందల ఏళ్లుగా తెలుగులో అందుబాటులో ఉన్నదే. దొంగతనం చేసింది రాజు కాదు. అయినా రాజు ఎందుకివ్వాలి? పంటలో ఆరో వంతు తీసుకున్నది కాపాడతానని మాటిచ్చి కనుక. జనం మొదటి రాజుగా మనువును ఎన్నుకుని, తమను కాపాడినందుకు పంటలోనూ పశువుల్లోనూ భాగమిస్తామని ఒప్పుకున్న కథ మహాభారత శాంతిపర్వంలో ఉంది. అదే పర్వంలో, పన్ను తీసుకుని కాపాడని రాజుకు ప్రజల పాపంలో భాగం అంటుతుందన్న హెచ్చరికా ఉంది. పన్ను అంటే కూలి, కాపలాకు కూలి. కాపలా తప్పినప్పుడు కూలి పుచ్చుకున్నవాడు నష్టం పూడ్చాలి. దొంగ దొరకని సొత్తుకే ఇంత బాధ్యత ఉన్నప్పుడు, హంతకుడు దొరకని ప్రాణానికి ఎంత ఉండాలి?

ఇదే ప్రశ్నను యూదుల గ్రంథం మరో తీరులో ఎదుర్కొంది. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయంలో పొలంలో ఒక శవం కనిపిస్తుంది, చంపిందెవరో తెలియదు. అప్పుడు పెద్దలు వచ్చి శవం నుంచి చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలవాలి. దగ్గరగా ఉన్న ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను ఏటి లోయకు తీసుకుపోయి దాని మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కుని, ఈ రక్తం మా చేతులు చిందించలేదని చెప్పాలి. పెద్దలు హంతకులని ఎవరూ అనుకోరు కదా, మరి ఈ తంతు ఎందుకు? దీనికి యూదు ధర్మవేత్తలు మిష్నాలో ఇచ్చిన వివరణ మనసును పట్టుకుంటుంది. ఆ బాటసారి మా ఊరికి వచ్చినప్పుడు అన్నం పెట్టకుండా పంపలేదు, తోడు లేకుండా వదిలేయలేదు అని పెద్దలు ప్రమాణం చేయడం దాని అర్థమట. హంతకుడి పేరు తెలియనప్పుడు ప్రశ్న ఊరి మీదికి మళ్లుతుంది. ఆ దారిని మీరు ఎలా ఉంచారు? ఆ మనిషిని మీరు ఎలా సాగనంపారు? వీధి దీపం వెలగని బైపాస్ మీద, ఫుట్‌పాత్ లేని వంతెన మీద, సూచిక లేని మలుపు దగ్గర చనిపోయినవాడి విషయంలో మన కలెక్టర్లూ, ఎమ్మెల్యేలూ, రహదారుల ఇంజనీర్లూ ఆ కొలతాడు ముందు నిలబడగలరా?

ఇస్లామీయ న్యాయశాస్త్రం మరో అడుగు ముందుకు వేసింది. పొరపాటున మనిషిని చంపినవాడి విషయంలో ఖురాన్ నాలుగో అధ్యాయం రెండు వేర్వేరు విధులు చెబుతుంది. చనిపోయినవాడి కుటుంబానికి దియత్ అనే పరిహారం చెల్లించడం ఒకటి. బానిసను విడిపించడం, ఆ స్తోమత లేకపోతే రెండు నెలలు వరసగా ఉపవాసం ఉండడం రెండోది. న్యాయవేత్తలు పరిహారం భారాన్ని ఆ ఒక్క మనిషి మీద వదలకుండా అతని బంధువర్గం మీద, ఆఖిలా మీద పంచారు. కట్టే బంధువర్గమే లేని చోట, చంపిందెవరో తేలని కొన్ని సందర్భాల్లో, బైతుల్ మాల్ అనే ప్రజల ఖజానా నుంచి చెల్లించాలన్నారు. ఉపవాసం మాత్రం చేసినవాడే చేయాలి, బంధువులు పంచుకోలేరు. ఈ విభజనలో గొప్ప న్యాయబుద్ధి ఉంది. డబ్బు భారాన్ని పదిమందీ మోయవచ్చు, పశ్చాత్తాపం ఒక్కడిదే. మోటారు బీమా అన్న మాట పుట్టక వెయ్యేళ్ల ముందే దాని నైతిక స్వరూపం ఇక్కడ సిద్ధమై ఉంది.

ఈ మూడు సంప్రదాయాలూ మూడు వైపుల నుంచి ఒకే చోటికి చేరాయి. చేసినవాడు దొరకనప్పుడు బాకీ రద్దు కాదు, అది సమాజానికి బదిలీ అవుతుంది. మన చట్టం కూడా మాటవరసకు ఇదే ఒప్పుకుంది. 1988 చట్టం 161వ సెక్షన్ గుద్ది పారిపోయిన కేసుల్లో పరిహారాన్ని గుర్తించింది. అప్పట్లో మరణానికి 8,500 రూపాయలు, తీవ్ర గాయానికి 2,000. 1994లో అవి 25,000, 12,500 అయ్యాయి. తర్వాత దాదాపు మూడు దశాబ్దాల పాటు ధరలన్నీ పెరిగినా ప్రాణం ధర అక్కడే ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 చేశారు. కాగితం మీద ఇది మంచి పెంపే. చేతికి అందిందెంతో చూస్తే గుండె బరువెక్కుతుంది. 2022లో గుద్ది వెళ్లిపోయిన ప్రమాదాలు 67,387 నమోదైతే, 2022-23 ఆర్థిక సంవత్సరంలో పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 205, పరిష్కారమైనవి 95. అంతకుముందు అయిదేళ్లు కలిపి చూసినా 660 మరణాలకూ 113 గాయాలకూ మాత్రమే చెల్లింపు జరిగింది, మొత్తం 184.60 లక్షల రూపాయలు. 2024 జనవరి 12న సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కిన లెక్కలివి. 2022లో చనిపోయిన 30,486 మంది కుటుంబాలకు తలా 2 లక్షలు ఇచ్చి ఉంటే దాదాపు 610 కోట్లు చేరాలి. అయిదేళ్లలో చేరింది రెండు కోట్ల లోపు.

ఎందుకింత తేడా? కుటుంబానికి ఆ హక్కు ఉందని చెప్పినవాళ్లు లేరు. ఇంటి పెద్ద పోయి, పోస్టుమార్టం దగ్గర రోజంతా కూర్చుని, అప్పు చేసి దినం చేసిన మనిషికి 161వ సెక్షన్ ఎలా తెలుస్తుంది? స్టేషన్లో ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని, ఆసుపత్రి కాగితాలు జతచేసి, ఆర్డీఓ స్థాయి విచారణ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. అక్కడి నుంచి నివేదిక కలెక్టరుకు పోవాలి. మంజూరయ్యాక జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ డబ్బు వేయాలి. ఈ మెట్లలో మొదటి మెట్టు దగ్గరే నూటికి తొంభై తొమ్మిది మంది ఆగిపోయారు. అందుకే సుప్రీంకోర్టు, కేసు నమోదైన నెలలోపు వాహనం ఆచూకీ తేలకపోతే పరిహారం అడగవచ్చన్న సంగతిని స్టేషన్ అధికారి బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని ఆదేశించింది. ప్రమాద నివేదికను విచారణ అధికారికి నెలలోపు పంపాలనీ చెప్పింది. నిక్షేపం సొంతదారుకు నీ సొమ్ము నా దగ్గర ఉందని కాపలాదారు చేత చెప్పించడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం కలగజేసుకోవలసి వచ్చిందంటే, సొమ్ము ఎవరిదన్న సంగతి ఎంతగా మరుగున పడిందో తెలుస్తోంది.

ఇప్పుడు ఆ 64 రూపాయల 26 పైసల దగ్గరికి, దాని జంట దగ్గరికి వద్దాం. ఒకటి కేంద్రం ఖజానాకు, ఒకటి రాష్ట్రం ఖజానాకు చేరి మిగతా రాబడిలో కలిసిపోతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తులు కొనుక్కునే జీవిత బీమా మీద, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు. రక్షణ కొనుక్కునే మనిషి మీద పన్ను వేయడం తగదన్న ఆలోచన అందులో ఉంది, అది మంచి ఆలోచన. మరి తన కోసం ఇష్టపడి కొనే బీమాకు పన్ను లేనప్పుడు, ఎదుటివాడి కోసం నిర్బంధంగా కట్టే థర్డ్ పార్టీ బీమా మీద మోటార్ సైకిల్ యజమాని 18 శాతం ఎందుకు కట్టాలి? 2022లో రోడ్ల మీద చనిపోయినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్లు, 19.5 శాతం నడిచిపోయేవాళ్లు. కట్టేవాడూ చచ్చేవాడూ చాలావరకు ఒకే వర్గం: పాలు పోసేవాళ్లు, మేస్త్రీలు, డెలివరీ కుర్రాళ్లు, పిల్లల్ని బడి దగ్గర దించి పనికి పోయే అమ్మానాన్నలు. కొనకపోతే జరిమానా వేసేదీ, కొంటే పన్ను వేసేదీ ఒకే రాజ్యం. ఈ పన్నుకు కాపలా కూలి అన్న పాత సమర్థన వర్తించదు, ఎందుకంటే కాపలా ఖర్చు 714లోనే ఉంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఖజానా ఒకటే, నీళ్లన్నీ ఒకే చెరువులోకి చేరతాయి. 108 అంబులెన్సూ, ప్రభుత్వ ఆసుపత్రీ, ట్రాఫిక్ పోలీసూ ఆ చెరువు నుంచే బతుకుతున్నారు. కాబట్టి ఏ పన్ను ఎటు పోయిందని వెతకడం అర్థం లేని పని అంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశమంతా పాకిన 108 సేవ ప్రజాధనం మీదే నడుస్తోంది, నిజమే. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. అయితే మామూలు పన్నుకు రక్షణ వేరే చోట ఉంది. దాన్ని బడ్జెట్‌లో పెట్టి, శాసనసభలో చర్చించి వేస్తారు, ఓటరు నిలదీయగలడు. బీమా రేటు ముసుగులో వచ్చే పన్నుకు ఆ చర్చ ఉండదు. ప్రీమియం పెరిగితే ప్రమాదాలు పెరిగాయేమో అనుకుని జనం కట్టేస్తారు. భయం చూపి వసూలు చేసిన సొమ్మును ఆ భయాన్ని తగ్గించే పనికి కాక మరో పనికి వాడుకోవడం ఎక్కడైనా అన్యాయమే.

ఈ ముసుగు ఎంత చేటు చేస్తుందో చూపే ఉదాహరణ కెనడాలో ఉంది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 1973లో ఏర్పడిన ఐసీబీసీ అనే ప్రభుత్వ సంస్థే మోటారు బీమా నడుపుతోంది. 2010 తర్వాత కొన్నేళ్ల పాటు అక్కడి ప్రభుత్వం ఆ సంస్థ నుంచి వంద కోట్ల డాలర్లకు పైగా సొమ్మును సాధారణ ఖజానాకు మళ్లించింది. బడులకో ఆసుపత్రులకో వాడారనుకుందాం, ఉద్దేశం మంచిదే అనుకుందాం. అదే కాలంలో ప్రమాదాల ఖర్చులు పెరిగాయి, రేట్లు వాటికి తగ్గట్టు కదలలేదు, నిల్వ తరిగింది. 2017-18లో సంస్థ దాదాపు 130 కోట్ల డాలర్ల నష్టంలో పడింది. మళ్లింపు ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు గానీ, గడ్డురోజుకు దాచిన గాదె ఖాళీ అయ్యాక గడ్డురోజు వచ్చిందన్నది మాత్రం నిజం. చివరికి సంస్థ మిగులును ప్రభుత్వం తీసుకోకూడదని 2020లో చట్టమే చేసుకోవలసి వచ్చింది. నిక్షేపాన్ని ముట్టకూడదన్న పాత నియమాన్ని వాళ్లు నష్టపోయి నేర్చుకున్నారు.

బీమా సొమ్ముతో ప్రజాసేవలు నడపడమే తప్పని దీన్నుంచి తీర్మానించనక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వాహన రిజిస్ట్రేషన్‌తో పాటే ప్రమాద రుసుము వసూలు చేస్తారు. దాంతో రవాణా ప్రమాద కమిషన్ తప్పు ఎవరిదని అడగకుండా గాయపడ్డవారి వైద్యం, పునరావాసం చూస్తుంది. 1989 నుంచి అదే సొమ్ములో కొంత తాగి నడపడం, వేగం మీద పెద్ద ప్రచారాలకూ, పోలీసు తనిఖీలకు సాయంగానూ ఖర్చు పెట్టింది. 1989లో ఆ రాష్ట్రంలో రోడ్ల మీద 770 మందికి పైగా చనిపోయారు, ఈ మధ్య సంవత్సరాల్లో ఆ సంఖ్య 300 లోపు ఉంటోంది. సీటు బెల్టులు, శ్వాస పరీక్షలు, కెమెరాలు, మెరుగైన కార్లు అన్నీ అందుకు తోడ్పడ్డాయి. న్యూజిలాండ్ 1974 ఏప్రిల్ 1 నుంచి ప్రమాద బాధితులను ఆదుకుంటోంది, రోడ్డు ప్రమాదాల వరకు ఆ సొమ్ము ఇప్పుడు పెట్రోలు మీద, వాహన లైసెన్సు మీద వేసే రుసుముల నుంచి వస్తోంది. దానికి పునాది వేసిన 1967 నాటి వుడ్‌హౌస్ నివేదిక మొదటి సూత్రంగా సమాజ బాధ్యతను పెట్టింది. ఈ రెండు చోట్లా సొమ్ము ప్రజాసేవకే పోతోంది, ఆ సేవ మాత్రం గాయానికి సంబంధించినదే. గీత ఎక్కడ గీయాలో ఈ ఉదాహరణలు చూపుతున్నాయి.

భక్తుల నుంచి వచ్చే అభ్యంతరం మరొకటి ఉంది. ఎవరి ఆయుష్షు ఎంతో తలరాతలో ఉంటుంది, పోయినవాడి కర్మ తీరింది, దానికి డబ్బు లెక్క కట్టడం దేనికి అంటారు. ఈ మాట ఓదార్పుగా పలికితే గౌరవిస్తాను. బాధ్యత తప్పించుకోవడానికి పలికితే అది కర్మ సిద్ధాంతానికే అపచారం. కర్మను నమ్మిన ధర్మశాస్త్రాలే బండి యజమానికి దండుగ వేశాయని చూశాం. చనిపోయినవాడి కర్మ లెక్క మనకు తెలియదు, మన కర్తవ్యం మనకు తెలుసు. అతని పిల్లల ఆకలిని తీర్చకపోవడం కూడా కర్మే, దాని ఫలం మనది. బీమాలో అనిశ్చితి ఉంది, జూదం పోలిక ఉంది అని కొందరు ముస్లిం పండితులు చెప్పే అభ్యంతరం ఇంతకన్నా సూక్ష్మమైనది. 1985లో జెద్దాలోని ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ లాభం కోసం నడిచే బీమాను కాదని, పరస్పర సహాయంగా నడిచే బీమాను ఒప్పుకుంది. ఆ గీత నా వాదనకు బలమే. బాధితుడి కోసం పోగైన సొమ్ము మరొకరికి లాభంగా మారకూడదన్నది ఇద్దరి మాటా.

బీమా ఉందన్న ధీమాతో జనం మరింత నిర్లక్ష్యంగా నడుపుతారన్న వాదన కూడా వినిపిస్తుంది. దీనికి జవాబు ఆ రెండు నెలల ఉపవాసంలోనే ఉంది. పరిహారాన్ని పంచుకోవడం వేరు, దోషాన్ని పంచుకోవడం వేరు. బీమా కంపెనీ డబ్బు కట్టినంత మాత్రాన నేరం మాఫీ కాదు, క్రిమినల్ కేసు నడుస్తుంది, నడవాలి. ఇక ఎగవేసేవాళ్ల సంగతి. దేశంలో రోడ్ల మీద తిరిగే వాహనాల్లో సగానికి పైగా బీమా లేనివే. నిజాయితీగా కట్టేవాడు కట్టనివాడి పాపాన్ని కూడా ఎందుకు మోయాలి? మోయకూడదు. అయితే ఎగవేతకు శిక్ష ఎగవేసినవాడికి పడాలి గానీ వాడి బండి కింద పడినవాడికి కాదు. బీమా లేని బండి గుద్దినా, ఏ బండి గుద్దిందో తెలియకపోయినా గాయం ఒకటే, రక్తం ఒకటే. ఆ తేడాను రాజ్యం తన లెక్కల్లో సర్దుకోవాలి, ఆసుపత్రి వాకిట్లో సర్దకూడదు.

ఈ దిశగా ఒక అడుగు పడింది. 2019 సవరణతో చట్టంలోకి వచ్చిన గోల్డెన్ అవర్ చికిత్స, అంటే గాయపడిన మొదటి గంటలో అందాల్సిన చికిత్స అన్న మాటను ఆరేళ్ల తర్వాత, సుప్రీంకోర్టు గడువు పెట్టాక, 2025 మే 5న పథకంగా ప్రకటించారు. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఇందులో దొరుకుతుంది. అదే సవరణ మోటారు వాహన ప్రమాద నిధినీ ఏర్పరచింది. నిక్షేపం అన్న భావనకు చట్టం ఇచ్చిన రూపం ఇదే. దీన్ని నిలబెట్టాలంటే మూడు పనులు జరగాలి. నిర్బంధ థర్డ్ పార్టీ ప్రీమియం మీద జీఎస్టీ ఎత్తేయాలి, లేదా ఆ రాబడిని పూర్తిగా ఈ నిధికి జమచేయాలి. గుద్ది పారిపోయిన కేసుల్లో కుటుంబం అడగకుండానే, ఎఫ్ఐఆర్ ఆధారంగా అధికారులే ఫైలు కదిపి డబ్బు వేయాలి. బాకీ ఉన్నవాడు అప్పులవాడి ఇంటికి వెళ్లి తీర్చడం మర్యాద. ప్రతి జిల్లాలో ఎన్ని కేసులు నమోదయ్యాయి, ఎందరికి ఎంత చేరింది అన్నది ఏడాదికోసారి కలెక్టరేట్ గోడ మీద అందరికీ కనపడేలా రాయాలి. పొలంలోని శవానికి ఏ ఊరు దగ్గరో కొలిచి చెప్పడమంటే నేటికి ఇదే.

ప్రభుత్వాలు ఆ పని చేసేదాకా చదువరులకు ఒక మనవి. మీ ఊళ్లోనో మీ వీధిలోనో ఎవరినైనా గుర్తు తెలియని వాహనం పొట్టన పెట్టుకుంటే పరామర్శకు వెళ్లి ఊరికే తిరిగి రాకండి. చనిపోయిన మనిషి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డ మనిషికి 50,000 చట్టం రాసి పెట్టిందని చెప్పండి. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోవడానికి తోడు వెళ్లండి, దరఖాస్తు మీరే నింపి ఆర్డీఓ కార్యాలయంలో ఇప్పించండి. అది దానం కాదని కూడా చెప్పండి. మీరు, నేను, ఈ దేశంలో బండి ఉన్న ప్రతివారూ వాళ్ల పేరున ముందే కట్టి ఉంచిన సొమ్ము అది.